ఆట నేర్పెడి గురువు

విద్య యనగానే మనకు పుస్తకము స్ఫురించును. గురువనగానే పుస్తకము చేత బట్టినవాడు స్ఫురించును. ఆట నేర్పువాడు మన దృష్టిలో గురువు కాడు. పాఠశాలలో వాని స్థానము గంట కొట్టువానికి కొంచెము పైన, లెక్కలు చెప్పువానికి చాల క్రింద. పిల్లవాడు పందెమున గెలిచి వచ్చినప్పుడు వాని కాలిబలమును గొనియాడుదుము. ఓడి వచ్చినప్పుడు వాని యదృష్టమును నిందింతుము. వానికి నేర్పినదెవరు, ఏ క్రమమున నేర్పిరి, నేర్పునప్పుడు వానితో నెట్లు మాటలాడిరి అను ప్రశ్నలు మనకు తోపనే తోపవు.

ఈ యుదాసీనతవలన గలిగిన నష్టము చిన్నది కాదు. ఆట నేర్పుటయు బోధనమే. ఏ బోధనమునకైనను రెండు మూలములు గలవు. మనుష్యుడు ఒక పనిని ఎట్లు నేర్చుకొనునో తెలిసియుండుట మొదటిది. ఎదుట నిలిచిన శిష్యుడు ఎట్టివాడో యెరిగి వాని విశ్వాసమును సంపాదించుట రెండవది. మొదటిదానిని శాస్త్రమనియు, రెండవదానిని స్నేహమనియు మేమిక్కడ వ్యవహరింతుము. ఈ రెండింటిలో నొకటి కొరవడినచోట క్రీడాశిక్షణము ఏమైనదో, రెండును గూడినచోట నేమైనదో చరిత్రవలన దెలిసికొనుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

ప్రాచీనులు ఈ విషయమును ఎరుగనివారు కారు. కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున గణదాసుడు, హరదత్తుడు అను నిద్దరు నాట్యాచార్యులు తమలో నెవ్వరధికులో తేల్చుమని రాజును ఆశ్రయింతురు. అప్పుడు పరివ్రాజిక చెప్పిన మాట గమనింపదగినది. కొందరి విద్య తమయందే శోభించును. కొందరికి దానిని ఇతరులకు సంక్రమింపజేయుటలో నేర్పు గలదు. ఆ రెండును గలవానినే యాచార్యులలో ముందు నిలుపవలెనని యామె యభిప్రాయము. కావున ఆచార్యులను పరీక్షించుటకు వారి శిష్యుల ప్రదర్శనమునే ప్రమాణముగా నిర్ణయించిరి. నాట్యము శరీరముతో నేర్చు విద్య. దానికి జెప్పిన యీ న్యాయము కుస్తీకిని, పరుగునకును, బంతియాటకును సమానముగా వర్తించును. గొప్ప యాటగాడైనంతమాత్రమున గొప్ప శిక్షకుడు కాజాలడని కాళిదాసు నాటికే మనవారికి దెలియును.

ద్రోణుని కథలో ఈ రెండు మూలముల బలమును, లోపమును గూడ కానవచ్చును. ఒకనాటి రాత్రి అర్జునుడు భుజించుచుండగా గాలికి దీపమారెను. చీకటిలోను తన చేయి తప్పక నోటికి బోవుట గమనించి, ఇది యభ్యాసబలమని గ్రహించి, అతడు చీకటిలోనే విలువిద్య సాధన చేయ నారంభించెను. అల్లెత్రాటి మ్రోత విని ద్రోణుడు వచ్చి శిష్యుని కౌగిలించుకొనెను. కనుగొన్నవాడు శిష్యుడు, దానిని గుర్తించి యానందించినవాడు గురువు. ఇంతకంటె చక్కని బోధనఘట్టము మన గ్రంథములలో నరుదు. కాని ఆ గురువే ఏకలవ్యుని నిషాదపుత్రుడని త్రోసిపుచ్చెను. మట్టిప్రతిమ ముందర తనంతట నేర్చుకొన్న యా బాలుని కుడిచేతి బొటనవ్రేలిని దక్షిణగా గొనెను. ద్రోణునకు శాస్త్రము లోపింపలేదు. ఆయన స్నేహము ఒక్క శిష్యునితో నాగిపోయినది. భారత ప్రభుత్వము 1985లో ఉత్తమ క్రీడాశిక్షకుల కొరకు నెలకొల్పిన పురస్కారమునకు ద్రోణాచార్యుని పేరే పెట్టినది. ఆ పేరు దలచినప్పుడెల్ల ఆ వ్రేలిని గూడ దలచుకొనుట మనకు మేలు.

ద్రోణునిది ఇతిహాసకథ. పాశ్చాత్యులలోను ఇట్టి హెచ్చరిక యొకటి ప్రాచీనకాలమునుండి నిలిచియున్నది. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఫిలొస్ట్రటస్ అను గ్రీకు రచయిత వ్యాయామవిద్యను గూర్చి యొక గ్రంథము వ్రాసెను. నాటి శిక్షకులు నాలుగు దినముల చక్రమొకటి పాటించుచుండిరి. మొదటినాడు శరీరమును సిద్ధపరచుట, రెండవనాడు తీవ్రసాధన, మూడవనాడు విశ్రాంతి, నాలుగవనాడు మితసాధన. శ్రమకు విశ్రాంతిని జతపరచు నీ క్రమము స్వతః చెడ్డది కాదు; నేటి శిక్షకులును అట్టి క్రమములను పాటింతురు. కాని గెరెనస్ అను మల్లుడు ఒలింపియాలో గెలిచి, మిత్రులతో గూడి విందులారగించి, అలవాటు తప్పిన భోజనపానములచే నలసి వ్యాయామశాలకు వచ్చి, తనకు సుఖముగా లేదని చెప్పుకొనెను. శిక్షకుడు కోపించెను. చక్రము తప్పరాదని యా దినమునకు విధించిన సాధన నంతయు జేయించెను. ఆ మల్లుడు సాధన చేయుచునే ప్రాణములు విడిచెను. ఫిలొస్ట్రటస్ ఈ కథ చెప్పి యా మూఢనియమమును గర్హించెను. పట్టికను జూచిన శిక్షకుడు మనుష్యుని జూడలేదు. గ్రీకుల కుండలమీది చిత్రములలో వ్యాయామశిక్షకుని చేతిలో కొన చీలిన బెత్తము కనబడుచుండును. నియమమునకు బెత్తము తోడైనచోట శిష్యుని మాట వినబడుట కష్టము.

ఇక ఆధునికకాలమునకు వత్తము. పందొమ్మిదవ శతాబ్దపు చివర, నేర్చుకొనుట యను వ్యాపారమును ప్రయోగములచే పరీక్షించు శాస్త్రము పుట్టినది. 1898లో అమెరికా దేశస్థుడగు థార్న్‌డైకు పిల్లులను పెట్టెలలో బెట్టి, అవి గడియ దీసికొని బయటికి వచ్చుటకు పట్టుకాలమును లెక్కించెను. తృప్తికరమగు ఫలము నిచ్చిన చేష్ట నిలుచుననియు, తక్కినవి క్రమముగా జారిపోవుననియు ఆతడు సిద్ధాంతీకరించెను. పిదప నాతడే మనుష్యులచే కన్నులు మూయించి నాలుగంగుళముల గీతను వేలకొలది మారులు గీయించెను. గీసినది పొడుగో పొట్టియో వారికి జెప్పలేదు. ఎన్ని మారులు గీసినను వారి నేర్పు పెరుగలేదు. అభ్యాసము కూసువిద్య యని మన సామెత. ఆ సామెతకు ఈ ప్రయోగమొక సవరణ: చేసినదాని ఫలితము తెలియని యభ్యాసము వట్టి శ్రమ. మైదానము చుట్టు ఇరువది మారులు పరుగెత్తించి, తాను చెట్టునీడను గూర్చుండు శిక్షకుడు ఈ గీతల కథను ఒక్కసారి చదువదగును.

1978లో కెర్, బూత్ అను నిద్దరు పరిశోధకులు ప్రకటించిన మరియొక ప్రయోగము ఇంకను వింతయైనది. వారు ఎనిమిదేండ్ల పిల్లలచే చిన్న గింజల సంచిని గురికి విసరించిరి. ఒక గుంపు మూడడుగుల దూరమునుండియే సాధన చేసెను. రెండవ గుంపు రెండడుగులనుండియు నాలుగడుగులనుండియు సాధన చేసెను. మూడడుగులనుండి యెన్నడును విసరలేదు. తుదకు మూడడుగులనుండి పరీక్షింపగా రెండవ గుంపువారే మెరుగుగా నుండిరి. ఒకే చేష్టను మార్పు లేక వల్లెవేయుటకంటె మారుచుండు పరిస్థితులలో సాధన చేయుట మేలనుటకు ఇది యొక నిదర్శనము. సంధిసూత్రమును వల్లించినవాడు పద్యమున సంధిని విడదీయలేక తడబడుటను ఉపాధ్యాయులందరు నెరుగుదురు. ఆటయందును అంతే.

ఈ శాస్త్రమును ఆటలకు మొదట అన్వయించినవారిలో కోల్మన్ గ్రిఫిత్ ముఖ్యుడు. ఆతడు 1925లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున క్రీడాపరిశోధనశాలను నడుప నారంభించి, 1926లో శిక్షకుల కొరకు మనస్తత్త్వగ్రంథము వ్రాసెను. 1938లో షికాగో నగరపు కబ్స్ అను బేసుబాలు జట్టు యజమాని యాతనిని నియమించుకొనెను. గ్రిఫిత్ ఆటగాండ్ర సాధనను గమనించి వందలకొలది పుటల నివేదికలు వ్రాసెను. సాధన వాస్తవమగు పోటీని బోలియుండవలెనని సూచించెను. అవి మంచి సూచనలే. కాని జట్టును నడుపువారు ఆతనిని పరాయివానిగా జూచిరి. ఆతని మాటను లక్ష్యపెట్టలేదు. రెండు మూడేండ్లకే ఆ ప్రయత్నము ముగిసిపోయెను. గెరెనస్ శిక్షకునికి స్నేహము లేదు. గ్రిఫిత్తునకు శాస్త్రము గలదు గాని, అది శిష్యుల హృదయమునకు జేరు త్రోవ దొరకలేదు. త్రోవ లేని శాస్త్రము కాగితములమీదనే నిలిచినది.

మన దేశమున నీ రెండును దుర్లభములుగానే యుండెను. ఇంగ్లీషువారి పాఠశాలలతో మనకు డ్రిల్లు మేష్టరు వచ్చెను. పటాలమున కొలువు చేసి విరమించినవారు పెక్కురు ఆ యుద్యోగమున నుండిరి. కుడి యెడమల యాజ్ఞలు, వరుస తప్పినవానికి శిక్ష, ఇదియే నాటి వ్యాయామవిద్య. 1920లో హారీ క్రో బక్ అను నమెరికా దేశస్థుడు మదరాసున వై.ఎం.సి.ఏ. పక్షమున వ్యాయామోపాధ్యాయుల శిక్షణాలయమును స్థాపించి, ఆటనేర్పుట యొక చదువని మన ప్రాంతమున జూపెను. అయినను పేరు మారినంత త్వరగా మనస్సు మారదు. ఇట్టి దేశమున, ఇట్టి కాలమున, హైదరాబాదు నగరపు బడిపంతులొకడు శాస్త్రమును స్నేహమును మైదానమున నేకము చేసిన కథ మనకు మిక్కిలి యాదరణీయము.

ఆయన సయ్యదు అబ్దుల్ రహీము. 1909లో హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రుడయ్యెను. ఆ విశ్వవిద్యాలయపు జట్టులో ఫుట్‌బాలు ఆడెను. నగరపు పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. 1943 మొదలు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగా నుండెను. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకును, పిమ్మట భారతదేశపు జట్టునకును శిక్షకుడయ్యెను. పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచెను. కలకత్తా వారి సొత్తుగా నెంచబడిన యాటలో దక్షిణాదినుండి వచ్చిన కానిస్టేబుళ్ల జట్టు అయిదేండ్లు ఏలినది. చూచినవారికి అది ఆశ్చర్యము. రహీము సాధనక్రమమును ఎరిగినవారికి అది సహజము.

ఆ క్రమమెట్టిదో చూతము. మన యాటగాండ్రకు బంతిని కాలిదగ్గరనే యుంచుకొని, ఎదుటివారి నొక్కొక్కరినే తప్పించుకొనుచు బోవుట ముద్దు. దానిని డ్రిబ్లింగు అందురు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టుదురు, జట్టు ఓడిపోవును. రహీము దీనిని మాన్పుటకు ఉపన్యాసములు చేయలేదు. డ్రిబ్లింగు నిషిద్ధమైన పోటీలు పెట్టించెను. ఆ పోటీలలో బంతి తనకు జేరకముందే చెలికాడెక్కడ నున్నాడో చూచుకొనక తప్పదు; చూచుకొననివాని యాట అక్కడనే నిలిచిపోవును. అట్లే బలహీనమైన కాలితో మాత్రమే తన్నవలసిన పోటీలను, ఎత్తు మితము బెట్టి చిన్నపిల్లలకు వేరు పోటీలను ఏర్పాటు చేసెను. ఇందలి మర్మము నిశితమైనది. గురువు మాటిమాటికి తప్పు పట్టనక్కరలేదు. ఆట నియమమే తప్పును జూపును, ఆట నియమమే యొప్పును జూపును. ఫలితము శిష్యునికి తత్‌క్షణమే తెలియును. థార్న్‌డైకు గీతలలో లోపించినది ఇదియే. పరిస్థితిని మార్చుచు సాధన చేయించుట మేలని గింజల సంచుల ప్రయోగము 1978లో జూపగా, ఆ న్యాయమును రహీము అంతకు బహుకాలము ముందే యాచరించెను. బడిలో పాఠము చెప్పినవాడు గనుక, చెప్పుటకును నేర్చుటకును నడుమ నెంత దూరమో ఆయన కెరుకపడియుండును.

1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో భారతదేశము యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడెను. మనవారిలో కొందరు వట్టికాళ్లతో ఆడిరి. అట్టి యోటమి తరువాత శిక్షకుడు సామాన్యముగా రెండు పనులలో నొకటి చేయును. ఆటగాండ్రను దూషించును, లేదా విధిని దూషించును. రహీము ఓటమినుండి నేర్చుకొనెను. బూట్లతో నాడుట, బంతిని వెంటనే యందించుట, విదేశీయుల వ్యూహములను పరిశీలించుట యను వానియందు జట్టును దిద్దెను. 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్ క్రీడలలో భారతదేశము ఆస్ట్రేలియాను 4-2 తేడాతో గెలిచి అర్ధాంతిమమునకు జేరెను; నెవిల్ డిసౌజా ఆనాడు మూడు గోళ్లు చేసెను. అర్ధాంతిమమున మరల యుగోస్లావియాయే యెదురయ్యెను. ఈసారి మొదటి గోలు మనది. తుదకు 4-1 తేడాతో ఓడినను, నాలుగేండ్లలో జట్టు నడిచిన దూరమును ఆ యంకెలే చెప్పును. ఆ క్రీడలలో మనకు నాలుగవ స్థానము దక్కెను.

శాస్త్రము సంగతి యిది. స్నేహము సంగతి తులసీదాసు బలరామునివలన దెలియును. బలరాము సికిందరాబాదు దాపున అమ్ముగూడలో బీదకుటుంబమున బుట్టినవాడు. రహీము వాని యాట జూచి సాధనకు రమ్మనెను. నగరమునకు వచ్చిపోవుటకు వానికి డబ్బు లేదు. రహీము సైకిలు అద్దె తానిచ్చి రప్పించెనని బలరాము పిమ్మట చెప్పుకొనుచుండెడివాడు. ఆ సైకిలుమీద వచ్చిన బాలుడే మెల్‌బోర్నునకును, 1960లో రోమునకును పోయెను. రోములో హంగరీపైనను పెరూపైనను గోళ్లు చేసెను. 2023లో ఆయన మరణించినప్పుడు దేశము గొప్ప యాటగాని గోల్పోయినదని పత్రికలు వ్రాసినవి. ఒక సైకిలు అద్దె వెల యెంత? ఆ వెల నిచ్చువాడు ఆనాడు లేకున్న, ఆ యాటగాడు మనకు గలుగకయే పోవునేమో. శిష్యుని కాళ్లను జూచువాడు శిక్షకుడు. ఆ కాళ్లు మైదానమునకు వచ్చు దారిని గూడ చూచువాడు గురువు.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీము శరీరమున క్యాన్సరు ప్రవేశించియుండెను. మొదటి యాటలోనే మనవారు దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓడిరి. పిదప థాయిలాండుతో ఆడుచుండగా రక్షణపంక్తికి వెన్నెముక యనదగిన జర్నెయిల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. గాయపడిన తలతో రక్షణస్థానమున నిలిచి బంతులను ఎదుర్కొనుట కష్టము. రహీము వానిని ఇంటికి బంపలేదు. ఆ స్థానమున నిలిపి ప్రమాదమునకు గురిచేయనులేదు. ముందువరుసకు దెచ్చి గోళ్లు చేయుమనెను. వ్యూహశాస్త్రమున నిది సాహసము. కాని జర్నెయిలు గుండెదిటవు ఎట్టిదో రహీము ఎరుగును. రహీము తీర్పు ఎట్టిదో జర్నెయిలు ఎరుగును. అర్ధాంతిమమున దక్షిణ వియత్నాముపై 3-2 తేడాతో గెలిచిన యాటలో వాడొక గోలు చేసెను.

సెప్టెంబరు 4వ తేదీన అంతిమ పోటీ. ఎదుట మరల దక్షిణ కొరియా. ఇజ్రాయెలును, తైవానును క్రీడలకు రానీయనందుకు భారతీయ క్రీడాధికారి గురుదత్ సోంధి యాక్షేపణ తెలుపగా, ఇండొనేషియా ప్రజలు మనవారిపై కినిసియుండిరి. మైదానమంతయు ప్రతికూలఘోష. ముందునాటి రాత్రి రహీము ఆటగాండ్రను జేర్చి, తనకొక కానుక కావలెననియు, రేపటి స్వర్ణపతకమే యా కానుక యనియు కోరెనని ఆటగాండ్రు తరువాత చెప్పిరి. పి.కె. బెనర్జీ యొక గోలు, జర్నెయిలు మరియొక గోలు చేయగా భారతదేశము 2-1 తేడాతో గెలిచెను. 1963 జూను 11వ తేదీన రహీము కన్నుమూసెను. ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణపతకము భారతదేశమునకు మరల లభింపలేదు. ద్రోణాచార్య పురస్కారము ఆయన పోయిన 22 ఏండ్లకు పుట్టినది. 2024లో ఆయన చరిత్రపై 'మైదాన్' అను హిందీ చలనచిత్రము వచ్చినంతవరకు, ఆయన యూరివారిలోనే పెక్కురకు ఆయన పేరు తెలియదు.

రహీము ఒక్కని కథ చెప్పి యూరకుందుమేని, అది యొక పుణ్యపురుషుని విశేషమే యని చదువరులు తలపవచ్చును. సముద్రములకు ఆవల, ఇంచుమించు అదే యీడువాడు, మరియొక బడిపంతులు ఇట్టి పనియే చేసెను. జాన్ వుడెన్ 1910లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున బుట్టి, ఉన్నత పాఠశాలలలో ఇంగ్లీషు బోధించుచు బాస్కెట్‌బాలు నేర్పుచుండెను. 1948లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజిలీసు శాఖకు శిక్షకుడయ్యెను. మొదటి జాతీయ విజయమునకు 16 ఏండ్లు పట్టెను. 1964 మొదలు 1975 వరకు 12 ఏండ్లలో ఆయన జట్లు 10 మారులు జాతీయవిజేతలైనవి. లాస్ ఏంజిలీసునకు రాకముందు 1947లో ఇండియానా రాష్ట్ర కళాశాలలో నుండగా, ఆయన జట్టునకు జాతీయపోటీల యాహ్వానము వచ్చెను. జట్టులో క్లారెన్స్ వాకర్ అను నల్లజాతి యువకుడుండెను. నల్లవారికి ప్రవేశము లేదని యుండుటచే వుడెన్ ఆ యాహ్వానమును నిరాకరించెను. మరుసటి యేట నిషేధము తొలగగా వాకరుతో గూడ పోయెను. ద్రోణుడు ఏకలవ్యునికి జేయనిది ఈ బడిపంతులు వాకరునకు జేసెను.

వుడెన్ నేర్పు విధమును ఇద్దరు మనస్తత్త్వవేత్తలు, థార్ప్, గాలిమోర్ అనువారు, 1974-75లో 15 సాధనదినములు కూర్చుండి లెక్కించిరి. ఆయన బోధించిన ప్రతిమాటను ప్రతిచేష్టను గుర్తింపగా 2,326 తేలినవి. వానిలో సగము, అనగా 50.3 శాతము, ఏమి చేయవలెనో ఎట్లు చేయవలెనో చెప్పు సూటియైన సూచనలు. పొగడ్త 6.9 శాతము, వట్టి మందలింపు 6.6 శాతము. తప్పు చేసినవానికి ఒప్పు చూపి, వాడు చేసినది చూపి, మరల ఒప్పు చూపుట ఆయన పద్ధతి. అంతయు కొన్ని క్షణముల పని. ప్రథమదినమున మహామహులగు నాటగాండ్రకు సయితము మేజోళ్లు ముడతలు లేక తొడుగుకొనుట నేర్పెడివాడు. ముడత పొక్కునకును, పొక్కు ఆట మానుటకును దారితీయునని యాయన యెరుగును. 2004లో ఆ పరిశోధకులే తమ లెక్కను మరల పరిశీలించి, ఆ క్లుప్తమైన సూచనల వెనుక ప్రతి యాటగాని గూర్చియు ఉదయముననే జరిగెడి దీర్ఘాలోచన గలదని, దానిని గ్రహింపక ఆ మాటల విలువ తెలియదని వ్రాసిరి. మాట చిన్నదగుటకు మనుష్యుని పరిచయము పెద్దదిగా నుండవలెను.

ఇక ఒక యాక్షేపణ గలదు. భయము లేనిదే విద్య రాదనియు, దండించు శిక్షకులే గెలుతురనియు పలువురందురు. రహీమును వుడెనును మెత్తనివారు కారు. రహీము క్రమశిక్షణలో కఠినుడని పేరు. వుడెన్ మందలింపులను లెక్కగట్టియే చూచితిమి. కాఠిన్యము వేరు, అవమానము వేరు. తప్పును దిద్దు కాఠిన్యమును శిష్యుడు సహించును; తన్ను దిట్టు నవమానమును వాడు మరువడు. దీనికి లెక్క గూడ గలదు. సియాటిలు నగరమున స్మిత్, స్మోల్ అను పరిశోధకులు పిల్లలకు బేసుబాలు నేర్పు శిక్షకులను ఎంచుకొని, కొందరికి కొన్ని గంటలపాటు సంభాషణక్రమమును బోధించిరి. ప్రయత్నమును గుర్తింపుము, తప్పు జరిగినప్పుడు ధైర్యము చెప్పి సవరింపుము, శిక్షింపకుము, బోధ యింతమాత్రమే. 1979లో వెలువడిన ఫలితములలో రెండు తరగతుల జట్ల గెలుపోటములు సమానముగనే యుండెను. పిల్లల మనస్సులు మాత్రము సమానముగా లేవు. 1992లో వెలువడిన మరియొక పరిశోధనలో, శిక్షణ పొందని వారియొద్ద ఆడిన పిల్లలలో 26 శాతము మరుసటి యేట ఆట మానిరి. శిక్షణ పొందినవారియొద్ద మానినవారు 5 శాతమే. మానిన పిల్లలలో బలరాములెందరో లెక్కించుట ఎవరితరము?

మా దృష్టిలో నిదియే యీ విషయమున ముఖ్యమైన యంశము. గెలిచినవానిని జూచి శిక్షకుని మెచ్చుకొనుట సులభము. మధ్యలో మానిపోయినవాడు పత్రికల కెక్కడు. వాని యోటమి ఇంటి గోడలలోనే యడగిపోవును. వాడు ఆటను మాత్రమే మానడు. తనవలన కాదను భావమును జీవితాంతము మోయును. ఆడపిల్లల విషయమున నిది మరింత సత్యము. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి బరువులెత్తుటలో కంచుపతకము గెలిచి, ఒలింపిక్ పతకము నందిన ప్రథమ భారతీయ మహిళ యయ్యెను. శ్రీకాకుళపు పల్లెనుండి యామె యంతదూరము పోవుటకు, ఆడుబిడ్డను వ్యాయామశాలకు బంపదగునని తల్లిదండ్రులు నమ్ముట మొదటి మెట్టు. ఆ నమ్మికను నిలుపలేని శిక్షకుడు ఎంత శాస్త్రజ్ఞుడైనను ఏమి ప్రయోజనము?

1961లో పటియాలాలో జాతీయ క్రీడాశిక్షణ సంస్థ వెలసినది. శిక్షకత్వము మన దేశమునను ఒక చదువైనది. అది మంచి యారంభము. కాని మన యూళ్ల పాఠశాలలలో పరీక్షలు దగ్గరపడగానే ఆటల గంటను లెక్కల పంతులు తీసికొనుట నేటికిని మానలేదు. మొదట ఆ గంటను ఆటల గురువునకు తిరిగి యిత్తము. శిక్షకుని నియమించునప్పుడు ఆతడు గెలిచిన పతకములను మాత్రమే గాక, ఆతనియొద్ద నేర్చినవారెట్లున్నారో విచారింతము. పిల్లవాడు తనకు సుఖముగా లేదన్నప్పుడు ఆ మాటకు పట్టికకంటె నెక్కువ విలువ యిచ్చు నియమమును ప్రతి మైదానమునను నిలుపుదము. కులము జూచి, ధనము జూచి, ఆడ మగ తేడా జూచి త్రోసిపుచ్చు ద్రోణులకు మన బిడ్డల నప్పగింపకుందము.

ఈ సంస్కరణములలో ద్రవ్యవ్యయము కోరునవి తక్కువ. మనస్సు మారినచో చాలును. ఆటగాండ్రను గన్న దేశములు పెక్కులు గలవు. ఆట నేర్పు గురువులను గౌరవించిన దేశములే ఆ యాటగాండ్రను నిలుపుకొనగలిగినవి. రహీమును వుడెనును తమ యుద్యోగములు మొదలుపెట్టినది నల్లబల్ల యెదుట. మైదానమునకు వెళ్లునప్పుడు వారు ఆ బల్లను మాత్రమే విడిచి వెళ్లిరి. ఉపాధ్యాయత్వమును వెంట గొనిపోయిరి.